టవర్ నుంచి వచ్చే ఇంటి ఇంటర్నెట్: పెట్టె అద్దెకా, సొంతానికా?

మేడమీద_గొట్టం
టవర్ నుంచి గాలిలో ఇంటికి ఇంటర్నెట్ వచ్చే ఫిక్స్‌డ్ వైర్‌లెస్ కనెక్షన్ తీసుకునేటప్పుడు రెండు దారులు చూపిస్తారు: పరికరాలకు నెలనెలా అద్దె కట్టడం, లేదా ఒకేసారి కొనేయడం. కొనడమే మేలన్నది నా వాదన. పరికరం ధరను నెల అద్దెతో భాగించండి. 18 వచ్చిందనుకుందాం, 19వ నెల నుంచి కట్టేదంతా దండగే. సరిగ్గా బిగించిన రేడియో (టవర్‌తో మాట్లాడే పరికరం) అయిదేళ్లు పనిచేస్తే 60 నెలలు. మిగతా 42 నెలల అద్దె దేనికి ఇస్తున్నట్టు? కాదనేవాళ్లు లెక్కతో రండి.

సెక్టార్_120
భాగహారం బాగానే ఉంది, ఏ పెట్టె గురించో చెప్పలేదు. ఫిక్స్‌డ్ వైర్‌లెస్‌లో రెండు జాతులున్నాయి. ఒకటి సిమ్‌తో నడిచే 4జీ, 5జీ. రెండోది, చిన్న ప్రొవైడర్లు 5 గిగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్లలో (తరంగాల శ్రేణుల్లో) టవర్ మీద ఒక దిక్కు ఇళ్లన్నిటికీ సిగ్నల్ ఇచ్చే సెక్టార్ యాంటెన్నా పెట్టి, ఇంటి పైకప్పు మీద చిన్న డిష్ బిగించేది. రెండోదాంట్లో బయటి రేడియో, అంటే ఆ డిష్, కొనడం దాదాపు ఎప్పుడూ తెలివైన పని కాదు.

కారణం: ఆ రేడియోలు మామూలు వైఫై మాట్లాడవు. ఒక్కో తయారీదారుకు సొంత ప్రోటోకాల్ (మాట్లాడుకునే పద్ధతి) ఉంటుంది. ఒకే కంపెనీ సరుకైనా కలుస్తుందన్న భరోసా లేదు. యుబిక్విటీ అనే తయారీదారు ఎల్‌టీయూ రకం రేడియో అదే కంపెనీ ఎయిర్‌మ్యాక్స్ రకం టవర్‌కి అతకదు. ప్రొవైడర్ రేపు టవర్ మీద పరికరం మారిస్తే మీ సొంత డిష్ పైకప్పు మీద అలంకారంగా మిగులుతుంది. అద్దెదైతే మార్చాల్సింది వాళ్లే.

ఇంకోటి. టవర్ ఒక్కో ఇంటికి కాలాన్ని ముక్కలుగా పంచుతుంది. సిగ్నల్ బాగున్న రేడియో 256-క్యామ్ అనే దట్టమైన పద్ధతిలో సింబల్‌కి (ఒక్కో సంకేతానికి) 8 బిట్లు పంపితే, సరిగా గురిపెట్టని రేడియో క్యూపీఎస్‌కే అనే పలచటి పద్ధతిలో 2 బిట్లే పంపుతుంది. అంటే అదే ఫైలుకి కనీసం నాలుగింతల గాలి సమయం తింటుంది. ఒక్క చెడ్డ రేడియో ఉంటే సెక్టార్ మొత్తం నీరసిస్తుంది. మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు సంఖ్య) నమోదు కాని రేడియోను టవర్ దగ్గరకు రానివ్వకపోవడం మొండితనం కాదు, పొరుగిళ్ల వేగాన్ని కాపాడటం.

సిమ్_ట్రే
సిమ్ జాతి సంగతి వేరు. అక్కడ 3జీపీపీ అనే మొబైల్ ప్రమాణం అందరికీ ఒకటే కాబట్టి కొనడానికి వీలుంది. కానీ డబ్బు పెట్టే ముందు నాలుగు చూసుకోవాలి.

బ్యాండ్లు ముందు. పెట్టె మీద 5జీ అని రాసినంత మాత్రాన చాలదు. ఆపరేటర్ మీ దగ్గర ఎన్78, ఎన్28, ఎన్41 లాంటి 5జీ బ్యాండ్లలో ఏది వాడుతున్నాడో కనుక్కుని స్పెసిఫికేషన్ షీట్‌తో పోల్చండి. తర్వాత ఆపరేటర్ 5జీ స్టాండలోన్‌దా (సొంతంగా నడిచేది), నాన్ స్టాండలోన్‌దా అన్నది. నాన్ స్టాండలోన్‌కి 4జీ బ్యాండు ఒకటి ఊతంగా కావాలి, ఆ బ్యాండు పెట్టెలో లేకపోతే 5జీ అసలు అంటుకోదు. మూడోది క్యారియర్ అగ్రిగేషన్, అంటే రెండు బ్యాండ్లను కలిపి వాడటం: రెండు బ్యాండ్లూ విడివిడిగా ఉన్నా, ఆ జంటను కలిపే శక్తి మోడెమ్‌కి ఉండాలి. చివరిది అన్నిటికంటే ముఖ్యం. ఇంటి ప్లాన్ సిమ్‌ను కొందరు ఆపరేటర్లు ఆ పెట్టె ఐఎంఈఐకి (పరికరం ప్రత్యేక సంఖ్యకి) ముడిపెడతారు. వేరే పెట్టెలో వేస్తే నెట్ రాదు. ఈ ముడి ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోకుండా కొనకండి.

మేడమీద_గొట్టం
@సెక్టార్_120 డిష్ విషయంలో ప్రోటోకాల్ వాదన ఒప్పుకుంటాను. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని ఇంటి లోపలి వైఫై రౌటర్‌కి కూడా అద్దె వేస్తున్నారు, దానికేం జవాబు? రౌటర్‌కి టవర్‌తో ఏ సంబంధమూ లేదు. పీఓఈ ఇంజెక్టర్ (ఈథర్‌నెట్ తీగలోనే డిష్‌కి కరెంటు పంపే చిన్న పెట్టె) లాన్ పోర్టు నుంచి వచ్చేది మామూలు ఈథర్‌నెట్. ఏ రౌటర్ అయినా పెట్టుకోవచ్చు. దానికి అద్దె కట్టడం మాత్రం నా దృష్టిలో శుద్ధ దండగ.

సెక్టార్_120
అక్కడ మీ మాటకు అడ్డు చెప్పను. బయటిది అద్దెకు, లోపలిది సొంతానికి. ఒక్క షరతు: ప్రొవైడర్ లాగిన్ పీపీపీఓఈనా (పేరు, పాస్‌వర్డ్ అడిగేది), డీహెచ్‌సీపీనా (దానంతటదే కలిసేది), రౌటర్‌లో వేయాల్సిన వీలాన్ నంబర్ ఏమైనా ఉందా అన్నవి ముందే రాయించుకోండి. లేకపోతే కొత్త రౌటర్ లైట్లు వెలుగుతాయి గానీ నెట్ రాదు.

రాగి_జంట
అద్దెకా, సొంతానికా అని కొట్టుకుంటున్నారు గానీ, నిజంగా పాడయ్యేది ఏమిటో ఎవరూ చెప్పలేదు. రేడియో చిప్ పోవడం అరుదు. పోయేవి ఇవీ: పవర్ అడాప్టర్, తీగ చివర్లు, ఉరుముల కాలంలో ఈథర్‌నెట్ పోర్టు.

తీగ సంగతి. బయట వాడేది అసలు రాగి కండక్టర్, ఎండకు ఆగే నల్ల తొడుగు ఉన్న క్యాట్5ఈ లేదా క్యాట్6 అయి ఉండాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవక. దాని నిరోధం ఎక్కువ కాబట్టి పొడవు పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. రేడియో పూర్తి శక్తితో పంపే క్షణంలోనే రీస్టార్ట్ అవుతుంది. జనం దాన్ని టవర్ సమస్య అనుకుంటారు. ఈథర్‌నెట్‌కి 100 మీటర్లు గరిష్ఠం. నాలుగు జంటల్లో ఒకటి తెగితే గిగాబిట్ లింకు 100 ఎంబీపీఎస్‌కి జారిపోవచ్చు, వేగం 90 దగ్గర ఆగిపోతే ముందు అక్కడ చూడండి.

తీగ పెట్టెలోకి దూరే ముందు కిందికి ఒక వంపు ఇవ్వాలి, వాననీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. వంపు లేకపోతే నీరు నేరుగా తీగ చివరి ఆర్‌జే45 ప్లగ్గులోకి పోయి పిన్నులు పచ్చబడతాయి. సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ పోటును ఆపేది) పెడితే దాన్ని ఎర్త్‌కి కలపాలి. ఎర్త్ లేని ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే.

కొనేవాళ్లకి ఇంకో హెచ్చరిక: ఇంజెక్టర్ మార్చేటప్పుడు వోల్టేజీ చూడండి. 802.3ఏఎఫ్ ప్రమాణం రకం అవతలి పరికరాన్ని పలకరించాకే సుమారు 48 వోల్టులు ఇస్తుంది. 24 వోల్టుల పాసివ్ రకం ఏమీ అడగదు, నేరుగా కరెంటు తోస్తుంది. దాని పీఓఈ పోర్టులో ల్యాప్‌టాప్ తీగ గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు.

ఇప్పుడు అద్దె ప్రశ్నకు వద్దాం. ఒప్పందంలో పిడుగు నష్టం ఎవరి మీద అని చదవండి. అద్దె కడుతూ, పిడుగు పడితే పూర్తి ధర కూడా మీరే కట్టాలని ఉంటే ఆ అద్దెకు అర్థం లేదు.

లెక్కల_పుస్తకం
మేడమీద_గొట్టం గారి 18 నెలల లెక్కలో కొన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయి. సొంత పరికరం పెడితే బిల్లులో అద్దె నిజంగా తగ్గుతుందా? కొన్ని ప్లాన్లలో అద్దె విడిగా చూపకుండా కలిపేస్తారు. అప్పుడు కొన్నా అదే బిల్లు. వెనక్కి వచ్చే డిపాజిట్‌ని ఖర్చులో కలపకూడదు. అద్దె వైపు ఇంటికి వచ్చి బాగుచేసే ఖర్చు కలిసి ఉంటే, సొంతం వైపు ఒక అడాప్టర్, మెట్లెక్కి చూసే మనిషి కూలి కలపాలి. ఇవన్నీ వేసినా లోపలి రౌటర్ కొనడమే గెలుస్తుంది. సిమ్ పెట్టె మాత్రం మీరు అక్కడ ఎన్నాళ్లుంటారన్నదాని మీద ఆధారపడుతుంది. ఏడాదిలో ఇల్లు మారేవాళ్లు అద్దెకే తీసుకోవాలి. కొత్త చోట ఆ బ్యాండు అందకపోవచ్చు.

మేడమీద_గొట్టం
అందకపోతే అమ్మేయొచ్చు. అద్దె పెట్టెని అమ్మలేం కదా.

సిమ్_ట్రే
ఒకే ఆపరేటర్‌కి లాక్ పడిన పెట్టెని ఎవరు కొంటారు? అన్‌లాక్డ్ అయితేనే మీ మాట చెల్లుతుంది. పాతది కొనేవాళ్లకీ ఇదే: ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సొంత సిమ్ వేసి, డేటా నడిచిందని చూశాకే డబ్బివ్వండి. పాత యజమాని క్లౌడ్ ఖాతాకి అతుక్కుని ఉన్నా, ఐఎంఈఐ బ్లాక్‌లిస్టులో ఉన్నా అది ఇటుకే.

కొనే ముందు సిగ్నల్ కొలవండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవర్ సిగ్నల్ బలం, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మెరుగు) -80 డీబీఎం కంటే మెరుగైతే హాయి, -100 దగ్గర నెట్టుకురావచ్చు, -110 కంటే కిందికి పడితే గదిలో పెట్టే పెట్టె కొనడం వ్యర్థం, బయటి యూనిట్ కావాలి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ ఒక్కటే చూసి మోసపోవద్దు. గీతలు నిండుగా ఉండి ఎస్‌ఐఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత) సున్నా దగ్గరుంటే వేగం రాదు. ఎస్‌ఐఎన్‌ఆర్ 20 దాటితే బాగున్నట్టు. కిటికీ దగ్గర, గోడ దగ్గర, పైకప్పు మీద విడివిడిగా కొలిచి, రాత్రి రద్దీ వేళ మళ్లీ చూడండి.

బయటి యాంటెన్నా విడిగా కొని లోపలి పెట్టెకి కోయాక్స్ (యాంటెన్నా తీగ) లాగుదామనే ఆలోచన కూడా తరచూ బెడిసికొడుతుంది. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర సన్నని ఎల్‌ఎంఆర్-200 రకం తీగ పది మీటర్లకు 6 డీబీ పైనే మింగుతుంది. 3 డీబీ పోతేనే సగం శక్తి పోయినట్టు. యాంటెన్నా పెంచిన బలంలో (గెయిన్‌లో) చాలా భాగం తీగకే పోతుంది. మోడెమ్ యాంటెన్నాలోనే ఉన్న బయటి యూనిట్ తీసుకుని, కిందికి ఈథర్‌నెట్ దించడం మేలు.

సెక్టార్_120
డిష్ రకానికి దీనితో పాటు చూపు దారి, అంటే డిష్‌కీ టవర్‌కీ మధ్య అడ్డులేని జాగా కూడా చూడాలి. 5.8 గిగాహెర్ట్జ్‌లో 5 కిలోమీటర్ల లింకుకి మధ్యలో ఫ్రెనెల్ వలయం (సిగ్నల్ పరుచుకునే జాగా) వ్యాసార్ధం సుమారు 8 మీటర్లు. అందులో 60 శాతం, అంటే దాదాపు 5 మీటర్లు, ఖాళీగా ఉండాలి. టవర్ కంటికి కనిపిస్తోంది కదా అని సరిపెట్టుకోకండి. మధ్యలో ఎదుగుతున్న చెట్టుంటే కొన్నాళ్లకు లింకు చస్తుంది. ఆ పరిస్థితిలో సొంత రేడియో చేతిలో ఉంటే నష్టం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

రాగి_జంట
సొంత రౌటర్ పెట్టేవాళ్లు ఆపరేటర్ పెట్టెని బ్రిడ్జ్ లేదా ఐపీ పాస్‌త్రూలో (రౌటర్ పని మానేసి నెట్ మాత్రం దాటించే అమరికలో) పెట్టించుకోండి. లేకపోతే రెండు పెట్టెలూ చిరునామాలు మార్చే డబుల్ నాట్ వచ్చి ఆటలు, ఇంటి కెమెరాలు మొరాయిస్తాయి. పైన ఆపరేటర్ సీజీ-నాట్ (ఒకే ఇంటర్నెట్ చిరునామాను చాలామందికి పంచడం) ఉంటే మాత్రం ఏ రౌటర్ కొన్నా పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఇంటి పరికరానికి దారి ఇవ్వడం) కుదరదు. పబ్లిక్ ఐపీ, అంటే మీకంటూ విడి చిరునామా, అడగాల్సిందే.

వేగం తగ్గిందని ఫిర్యాదు చేసే ముందు ల్యాప్‌టాప్‌ని తీగతో ఇంజెక్టర్ లాన్ పోర్టుకి కలిపి కొలవండి. పీపీపీఓఈ అయితే లాగిన్ ల్యాప్‌టాప్‌లోనే ఇవ్వాలి. అక్కడ బాగుండి వైఫైలో లేకపోతే తప్పు మీ రౌటర్‌ది, ప్రొవైడర్‌ది కాదు.

లెక్కల_పుస్తకం
అద్దెకే తీసుకునేవాళ్లు బిగించిన రోజే సీరియల్ నంబరు, మ్యాక్ అడ్రస్, ఇంజెక్టర్, బ్రాకెట్ అన్నీ ఫొటో తీసుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు మీద ఆ సీరియల్ నంబరు ఉందో చూసి సంతకం పెట్టండి. ఇంజెక్టర్ లేదని ఆరు నెలల తర్వాత బిల్లు వస్తే చూపించడానికి అదొక్కటే పనికొస్తుంది.