సమస్య: కాకి వడియములకుఁ గాపు గాచె

నిర్వహణ

ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

*కాకి వడియములకుఁ గాపు గాచె*

ఐదూ సూర్యగణాలే (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు): కాకి, వడియ, ములకు, గాపు, గాచె. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, కా–గా. పై మూడు పాదాలు మీవి. ఫాల్గుణంలో మేడమీద వడియాలు పెట్టుకునే ఇల్లు సందర్భం. పెద్దవాళ్ళ పనీ పిల్లల ఆటా రెండూ కనబడితే మరీ సంతోషం. వడియం ఎత్తుకుపోయే కాకే కాపలా ఎలా కాసిందో చదివినవాళ్ళు నమ్మాలి.

పెరటి తులసి

అటకమీది గొడుగు నమ్మ కిందికి దింప
పిల్లలంత చేరి పెద్ద కఱ్ఱ
కొసకుఁ గట్టి దాని గోడపై నిలిపిరి
కాకి వడియములకుఁ గాపు గాచె

నిర్వహణ

అమ్మా, గణాలూ యతులూ చక్కగా ఉన్నాయి. నల్ల గొడుగు చూస్తే కాకులు దగ్గరికి రావని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. కానీ మూడో పాదం అయ్యేసరికి గొడుగు గొడుగుగానే మిగిలింది, నాలుగో పాదంలో కాకి ఎక్కణ్ణుంచో ఊడిపడింది. ఆ రెండింటినీ కలిపే మాట ఒకటి కావాలి. మూడో పాదం ఇలా మార్చి చూడండి:

కొసకుఁ గట్టి నిలుపఁ గుదిరె నల్లని గుడ్డ
కాకి వడియములకుఁ గాపు గాచె

పాదం చివర ‘గుడ్డ’, తర్వాతి పాదం మొదట ‘కాకి’. గుడ్డకాకి అనగానే సమస్య విడిపోయింది. పిల్లల చేతిపని కూడా పద్యంలోకి వచ్చింది.

పెరటి తులసి

బాగుంది మాస్టారూ, ఇలాగే ఉంచుతాను. మా ఇంట్లో గొడుగు కింద నాలుగు ఎండుమిరపకాయలు కూడా దారానికి గుచ్చి వేలాడదీస్తాం. గాలికి అవి ఊగుతుంటే పిచ్చుకలు కూడా వాలవు.

కొత్త కలం

అమ్మ వంటయింట, నక్క చదువులందు,
తాత కునుకులోనఁ, దండ్రి చేన,
బుడుత మిద్దెమీదఁ బుల్లతో నిలిచి యే
కాకి వడియములకుఁ గాపు గాచె

నిర్వహణ

భేష్! సమస్య ముందు ఒక్క అక్షరం తగిలించి అర్థాన్నే తిప్పెయ్యడం అవధానులు ఎప్పటినుంచో వాడే ఉపాయం. ఇక్కడ ‘ఏ’ ఒక్కటే చేర్చారు, కాకి కాస్తా ఏకాకి అయింది. పక్షి ఎగిరిపోయి పిల్లాడు మిగిలాడు. మొదటి రెండు పాదాల్లో ఇంటిల్లిపాదినీ ఎవరి చోట వాళ్ళని కూర్చోబెట్టారు. ‘తాత కునుకులోనఁ దండ్రి చేన’ పాదాన్ని నేను పైకి చదువుకున్నాను, అంత హాయిగా నడిచింది. మధ్యాహ్నం ఇల్లంటే అదే.

కృష్ణాతీరం

పద్యం నాకూ నచ్చింది. ఒక్క సందేహం. అడిగింది సందడిగా ఉన్న ఇల్లు, ఇక్కడ పిల్లాడు ఒంటరిగా మిగిలాడు. ఆట ఏది?

కొత్త కలం

పుల్ల ఉంది కదండీ! చేతిలో పుల్ల ఉన్న పిల్లాడు ఊరికే నిలబడడు. పిట్టగోడ మీద గీతలు గీస్తాడు, వచ్చిన కాకినల్లా అదిలిస్తాడు, రాకపోతే వచ్చేదాకా చూస్తాడు. కాపలా వాడికి ఆటే.

కృష్ణాతీరం

సరే, ఒప్పుకున్నాను. ఇది నా పూరణ:

బామ్మ మెతుకులిన్ని పంచి పెట్టఁగ రోజు
మచ్చికైన పక్షి మాట వినెను
ఉడుత లెగబడంగ నురికి తరిమినట్టి
కాకి వడియములకుఁ గాపు గాచె

నిర్వహణ

కాకిని కాకిగానే ఉంచి నెగ్గుకొచ్చారు, అది కష్టమైన దారి. రోజూ మెతుకులు తిన్న కాకి ఉడుతను తరమడం నమ్మేలా ఉంది. రెండో పాదంలో ‘వినెను’ గణం కోసం పెట్టినట్టు తేలిపోయింది. ‘మాట వినదె’ అనండి. ‘మచ్చికైన పక్షి మాట వినదె?’ అంటే కాకి ఎందుకు కాపలా కాసిందో ఆ ప్రశ్నే చెప్పేస్తుంది.

మానేరు గట్టు

మా వైపు కాముని పున్నమి (హోలీ) ముచ్చట. పున్నమి దాకా రాత్రిళ్ళు పిల్లలు పాటలు పాడుతూ జాజిరి ఆడతారు, పగలు మోదుగపూలు ఏరుకొస్తారు.

మోదుగలను దెచ్చి రంగులు జేసిరి
అక్క మసిని పూసె నన్నకపుడు
నవ్విరెల్ల; వాని నామమే యానాఁడు
కాకి, వడియములకుఁ గాపు గాచె

నిర్వహణ

అన్నా, పాదాన్ని ‘కాకి’ దగ్గర విరిచిన తీరు అద్భుతం. ఆ రోజుకి వాడి పేరే కాకి, మసిమొహంతో మేడెక్కి కూర్చున్నాడు! పనీ ఆటా రెండూ అతుకు తెలియకుండా కలిసిన పూరణ ఇదొక్కటే. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది, మో–రం కుదరదు. మోదుగపూలు వేన్నీళ్ళలో వేస్తేనే కదా రంగు దిగేది, ఆ పనినే చెప్పండి:

మోదుగలను దెచ్చి ముంచిరి వేన్నీట

మో–ము యతి కుదిరింది, రంగు ఎలా వచ్చిందో కూడా తెలిసింది.

పెరటి తులసి

నాదొక ప్రశ్న. ఈ ఫాల్గుణాన్ని వసంతం అనొచ్చా? పంచాంగంలో ఫాల్గుణం శిశిరమే.

నిర్వహణ

పంచాంగం మాటే సరి. వసంత ఋతువు చైత్రంతోనే మొదలు. పద్యంలో ఫాల్గుణం అన్నప్పుడు ‘వసంతలక్ష్మి’ అని రాయకండి. మామిడిపూత, మోదుగ, లేత ఎండ రాస్తే చాలు. రథసప్తమి దాటాక ఎండకి చురుకు వస్తుంది, ఇంకా మాడ్చదు, గుమ్మడి వడియాలకి అదే కావాలి. కృష్ణా డెల్టాలో వరి కోశాక పండే మినుము ఇంటికి చేరేదీ దాదాపు అప్పుడే.

కృష్ణాతీరం

మా ఇంట్లో అంతే. బూడిదగుమ్మడి ముక్కలకి ఉప్పు రాసి రాత్రంతా గుడ్డలో మూటకట్టి, పైన రుబ్బురాయి పెడతాం. తెల్లారేసరికి నీరంతా దిగిపోతుంది. గట్టిగా రుబ్బిన మినప్పిండిలో ఆ ముక్కలూ పచ్చిమిర్చీ ఇంగువా కలిపి పాతచీర మీద పెడతాం. ఎండాక చీర వెనక నీళ్ళు చిలకరిస్తే వడియం విరగకుండా ఊడివస్తుంది. ఆ చిలకరించే పని కోసం పిల్లలు కొట్టుకుంటారు.

కొత్త కలం

ఇది పద్యంలో పెట్టండి బాబాయ్!

నిర్వహణ

పెట్టండి, ఎదురుచూస్తాను. ఉగాది దాకా అందరికీ కొత్త సమస్య, మళ్ళీ ఆటవెలది నాలుగో పాదమే:

*వేపపూత తీపి వెదకి తెచ్చె*