ఈ వారం సమస్య: కర్త రాక మున్నె కార్య మయ్యె

నిర్వాహకుడు
నిన్న మేనకోడలికి ఇంగ్లీషు వ్యాకరణం చెబుతూ "ద వర్క్ హాడ్ బీన్ డన్ బిఫోర్ హి కేమ్" దగ్గర ఇద్దరం ఇరుక్కుపోయాం. పని ఎవరు చేశారని తను, ఎవరు చేస్తే ఏంటని నేను. ఆ చిరాకులోనే ఈ పాదం నోటికొచ్చింది, భలే నచ్చేసింది. దీన్నే చివరి పాదంగా పెట్టి ఆటవెలది పద్యం పూరించండి. హాడ్, బీన్ పద్యంలోకి రావచ్చు, ఈసారికి అడ్డు చెప్పను. కర్మణి (పాసివ్ వాయిస్) వాసన మాత్రం తగలాలి, ఒక భూతకాలం వెనక ఇంకో భూతం కనబడాలి.

*కర్త రాక మున్నె కార్య మయ్యె*

వేకువపిట్ట
కర్మ ముందు నిలిచె, గబగబా క్రియ వచ్చె
హాడు బీను గూడి హాయి మీర;
బైని పట్టి కర్త వాక్యాంతమున జేరె;
కర్త రాక మున్నె కార్య మయ్యె.

కాలం గొడవ లేకుండా మాటల వరసతోనే లాగేశాను. "ద లెటర్ హాడ్ బీన్ రిటెన్ బై హిమ్" అన్నప్పుడు ఉత్తరం రాయడం అయిపోయాకే కదా ఆ హిమ్ గారు వాక్యంలోకి దిగేది!

శ్లేషల బాబాయి
అమ్మాయ్, అదిరింది. "బైని పట్టి" అంటే రైలు చివరి పెట్టె కడ్డీ పట్టుకుని ఎక్కినట్టు కనిపించాడు కర్త. ఇక్కడ కొందరు పెద్దలు ఏళ్ల తరబడి రాసినా ఇలాంటి బొమ్మ ఒక్కటీ రాలేదు, పేర్లు చెప్పను.

గణపరీక్ష
పేర్లు చెప్పకపోయినా అర్థమైంది బాబాయి గారూ. పద్యం బాగుంది, కానీ "హాయి మీర" ఎవరి హాయి? పాదం మొదటి హా కోసం పెట్టిన హాయి అది. ఇంకోటి, ఇంగ్లీషు వాడి లెక్కలో ముందు నిలిచిన ఆ ఉత్తరమే సబ్జెక్టు. అది మొదటే వచ్చి కూర్చుంటే కర్త రాలేదని ఎలా అంటారు?

వేకువపిట్ట
వాడికి సబ్జెక్టు అయితే అయింది, మనకు కర్త అంటే పని చేసినవాడే కదండీ. కర్మణిలో "వానిచేత" అని తృతీయా విభక్తిలోకి దిగినా కర్త కర్తే. ఆ చేతే అక్కడ బై. హాయి విషయం ఒప్పుకుంటున్నాను, యతికి, అదే పాదం మొదటి అక్షరంతో జత కుదరడానికి, దొరికింది వాడేశాను.

గణపరీక్ష
తృతీయ మాట సరే, ఒప్పుకున్నాను. ఇక నాది.

ఇల్లు దోచబడియె నెవ్వరో తెలియదు,
తలుపు తెరచి యుంట తెలిసె పిదప;
ఇంటి కర్త యూరి కేగి వచ్చెను నేడు;
కర్త రాక మున్నె కార్య మయ్యె.

"వెన్ ద ఓనర్ రిటర్న్‌డ్, ద హౌస్ హాడ్ బీన్ రాబ్డ్." దొంగ ఎవరో తెలీదు కాబట్టి బై అక్కర్లేదు. కర్త ఇక్కడ ఇంటి యజమాని.

శ్లేషల బాబాయి
అయ్యా, గణాలు పరీక్షించే మీరే రెండో పాదంలో త కి తె తో యతి కలిపితే మా బోటివాళ్లం ఎవరికి చెప్పుకోవాలి? అకారానికీ ఎకారానికీ ఎప్పుడు స్నేహం కుదిరింది?

గణపరీక్ష
తలుపు, తెలిసె. రెండో అక్షరం చూడండి. లు, లి. మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాల హల్లు కలిసింది, ప్రాసయతి. ఆటవెలదిలో చెల్లదని ఎవరైనా అంటే చెప్పండి, వింటాను.

శ్లేషల బాబాయి
చెల్లుతుంది, చెల్లుతుంది. చూసుకోలేదు. అయినా వదల్ను. ముందు దోపిడీ, తర్వాత తలుపు సంగతి, తర్వాత యజమాని రాక. జరిగింది జరిగిన వరసలోనే చెప్పుకుపోతే హాడ్ దేనికి? మామూలు పాస్ట్ చాలు, "ద హౌస్ వజ్ రాబ్డ్, దెన్ ద ఓనర్ కేమ్." కథ వరస తిరగబడి, తర్వాతిది ముందు చెప్పి వెనక్కి తిరిగి చూడాల్సి వచ్చినప్పుడే హాడ్‌కి పని. బిఫోర్ అనో ఆఫ్టర్ అనో ఉంటే అప్పుడు కూడా చాలాసార్లు హాడ్ లేకుండా నడిచిపోతుంది.

గణపరీక్ష
మూడో పాదంలో యజమాని వచ్చేశాడు. నాలుగో పాదం అక్కడ నిలబడి వెనక్కి చూస్తోంది. అదే మీ హాడ్. నా పద్యం నాకే చదివి వినిపించాల్సి వస్తోంది. పోయిన నెల "తినకయున్న వాడె తినగ బడియె" అని సమస్య ఇస్తే, పస్తు పడుకున్నవాణ్ణి దోమలు తిన్నాయని రాసి చప్పట్లు కొట్టించుకున్నారు గుర్తుందా? అందులో భూతం ఒకటే, అప్పుడు నేనేమీ అనలేదు.

శ్లేషల బాబాయి
ఆ సమస్యలో రెండో భూతం అడగలేదండీ! ఆ దోమలు మిమ్మల్ని ఇంకా కుడుతున్నట్టున్నాయి.

కొత్తకలం
పెద్దలకు నమస్కారం, ఇక్కడ ఇదే మొదటి ప్రయత్నం. తప్పులుంటే తిట్టండి.

ప్రశ్నపత్ర మపుడె బయట పెట్టగబడె,
సీలు వేయు వాడు చేర లేదు;
హాడు బీను లీకు డని వ్రాయమనె టీచరు;
కర్త రాక మున్నె కార్య మయ్యె.

ఒక డౌటు కూడా. చివర్లో "హి హాడ్ బీన్ కమ్" అని పెడదామనుకుని ఆగిపోయాను, అది రైటేనా?

గణపరీక్ష
ఆగి మంచి పని చేశావు బాబూ. రావడానికి కర్మ ఎక్కడుంది? అకర్మక క్రియకు కర్మణి కుదరదు. ఉత్తరం రాయబడుతుంది, మనిషి రాబడడు. ఇక మూడో పాదం. "మనెటీచ" దగ్గర గణం (అక్షరాల కొలత) నిండిపోయింది, పాపం "రు" ఒక్కటీ గుమ్మం బయట నిలబడింది.

వేకువపిట్ట
టీచరు తీసేసి "సారు" పెట్టు తమ్ముడూ. "డని వ్రాయమనె సారు." సరిపోయింది. "లీకు డని" విరుపు మాత్రం నాకు చాలా నచ్చింది.

కొత్తకలం
అక్కా థాంక్స్! రాత్రంతా లెక్కపెట్టాను, టీచరు రెండక్షరాలే అనుకున్నాను.

శ్లేషల బాబాయి
సరే, నాది కూడా దించుతున్నాను.

పుస్తకమ్ము సభను పొగడబడెను మున్నె,
చదివి చూడ లేదు సభ్యుడొకడు;
బస్సు తప్పె నంట పాపము మన గ్రంథ
కర్త, రాక మున్నె కార్య మయ్యె.

"బై ద టైమ్ ద ఆథర్ అరైవ్డ్, ద బుక్ హాడ్ బీన్ ప్రెయిజ్డ్." పొగిడినవాళ్ల పేర్లు అడక్కండి, చదివినవాడే లేనప్పుడు బై ఎవరికి తగిలిస్తాం?

నిర్వాహకుడు
గ్రంథ మీద పాదం విరగ్గొట్టి కర్తను దించారు చూశారా, అక్కడ గట్టిగా నవ్వేశాను. మేనకోడలికి చదివి వినిపించాను, "అయితే బై లేకపోయినా పర్లేదా" అంది. నిన్నంతా గొంతు చించుకున్నా ఎక్కనిది ఈ బస్సు తప్పినాయనతో ఎక్కింది.

గణపరీక్ష
విరుపు బాగుంది, కాదనను. కానీ మొదటి పాదంలో ఒక మున్నె, చివర ఇంకో మున్నె. ఇచ్చిన పాదంలో ఉన్న మాటనే మళ్లీ వాడటం బద్ధకం. "మన గ్రంథ" దగ్గర కూడా గ్రం ముందున్న న గురువైతే, అంటే బరువుగా పలికితే, గణం కూలుతుంది.

శ్లేషల బాబాయి
అది తెలుగు మాటండీ, సమాసం కాదు. పక్కన సంయుక్తాక్షరం వచ్చినా న తేలిగ్గానే ఉంటుంది. ఇందాక కుర్రాడి "అని వ్రాయ" దగ్గర మీరే నోరెత్తలేదు. మున్నె సంగతి మాత్రం నిజం. "పొగడబడెను చాల" అని మార్చుకుంటున్నాను. మార్చింది ఎవరి చేత అని పద్యం కింద రాయను, కర్మణిలో వదిలేస్తాను.

గణపరీక్ష
వదిలేయండి. వేకువపిట్ట గారి హాయి ఇంకా అలాగే ఉంది, దాని సంగతి ఎవరైనా చూడండి.