పరిమితికి మించి చేపలు పడుతున్నవారి గురించి కన్జర్వేషన్ ఆఫీసర్‌కు (వేట నిబంధనలను అమలు చేసే రాష్ట్ర అధికారికి) ఎప్పుడు, ఎలా తెలియజేయాలి? (మిషిగన్)

ప్రశ్న: కెంట్ లేక్ తీరం

మేము నోవై దగ్గర ఉంటాము. కెన్సింగ్టన్ మెట్రోపార్కులోని కెంట్ లేక్ ఒడ్డున సాయంత్రం పూట గాలం వేయడం నాకు కొన్నేళ్ళుగా ఉన్న అలవాటు. మొన్న ఒక శనివారం అక్కడ చూసిన విషయం నన్ను బాగా కలవరపెట్టింది. లోతు తక్కువగా ఉన్న చోట గూళ్ళు తవ్వుకుని గుడ్లకు కాపలా కాస్తున్న బ్లూగిల్ చేపలను ఒక బృందం వెంటవెంటనే లాగుతూ, చిన్నా పెద్దా తేడా చూడకుండా కూలర్లలో వేస్తోంది. వాటి మధ్య చిన్న లార్జ్‌మౌత్ బాస్ చేపలు కూడా కొన్ని కనిపించాయి. నిబంధన ప్రకారం ఉంచుకోదగిన బాస్ 14 అంగుళాలైనా ఉండాలి కదా, అవి అంత ఉన్నట్టు నాకు అనిపించలేదు. వారు మాట్లాడుకుంటున్నది తెలుగే. భార్యలు, పిల్లలు కూడా వెంట ఉన్నారు.

ఆ రోజు నేను ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాను, అయితే వారు మళ్ళీ వస్తారని వారి మాటలను బట్టి అర్థమైంది. పెద్దలు నాకు మూడు విషయాలు స్పష్టంగా చెప్పాలని కోరుతున్నాను. దూరం నుంచి చూసి ఇది ఉల్లంఘనే అని ఎలా నిర్ధారించుకోవాలి? ఫిర్యాదు చేస్తే నా పేరు బయటికి వస్తుందా? అన్నిటికంటే ముఖ్యంగా, ఫిర్యాదు వల్ల సాటి తెలుగు కుటుంబానికి వీసా విషయంలో ఇబ్బంది కలుగుతుందేమో అన్న సంకోచం నన్ను వదలడం లేదు. ముందు నేనే వెళ్ళి వారికి మర్యాదగా చెప్పి చూడడం మంచిదా?

సమాధానం: హ్యూరాన్ నది ఒడ్డు

మీ మొదటి ప్రశ్నకు వివరంగా సమాధానం చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొరపడేది అక్కడే. మిషిగన్‌లో బ్లూగిల్, పంప్‌కిన్‌సీడ్ వంటి సన్‌ఫిష్ జాతులన్నీ కలిపి ఒక మనిషి రోజుకు 25 వరకు ఉంచుకోవచ్చు. ఈ లెక్క కూలర్‌కు కాదు, గాలం వేస్తున్న మనిషికి. నలుగురు నిజంగా గాలం వేస్తుంటే ఒకే కూలర్‌లో వంద బ్లూగిల్ కనిపించినా అది ఉల్లంఘన కాకపోవచ్చు. 17 ఏళ్ళ లోపు పిల్లలకు లైసెన్సు అక్కరలేదు, వారు స్వయంగా పట్టుకున్నవి వారి లెక్కలోకే వస్తాయి. అయితే లైసెన్సు లేని పిల్లలకు దగ్గరుండి సాయం చేస్తున్న పెద్దవారికి మాత్రం లైసెన్సు ఉండి తీరాలి. ఒక మనిషి మూడు గాలాల వరకు వేయవచ్చు, అందుచేత ఒడ్డున గాలం కర్రలు ఎక్కువగా కనబడడమే తప్పు కాదు. ఇక ఒకరు తమ 25 పట్టిన తర్వాత, పక్కన కుర్చీలో కూర్చున్న భార్య పేరు మీదో, గాలం ముట్టని స్నేహితుడి పేరు మీదో ఇంకా పడుతూ పోతే అది పరిమితి దాటడమే. కాబట్టి ఫిర్యాదుకు ముందు మీరు లెక్కించవలసింది కూలర్లను కాదు, గాలం వేస్తున్న మనుషులను.

గూళ్ళ మీద ఉన్న బ్లూగిల్‌ను పట్టడం చట్టవిరుద్ధం కాదు. బ్లూగిల్ వేట ఏడాది పొడవునా అనుమతించినదే. అయినా మీ బాధ నాకు అర్థమైంది. ఆ గూళ్ళను తవ్వేది మగ చేప. ఆడ చేప గుడ్లు పెట్టి వెళ్ళిపోయిన తర్వాత, ఆ గుడ్లకు రెక్కలతో నీళ్ళు విసురుతూ, దగ్గరికి వచ్చిన ప్రతి చేపనూ తరుముతూ కాపలా ఉండేది ఆ మగదే. ఎర ఏది పడినా శత్రువనుకుని మీద పడుతుంది గనుక దాన్ని పట్టడం చాలా తేలిక. కాపలా పోయిన గుడ్లను చుట్టుపక్కల చేపలు నిమిషాల్లో తినేస్తాయి. పెద్ద మగ చేపలు ఏటా ఇలా పోతూ ఉంటే, మిగిలిన మగవి పెరుగుదలను పక్కన పెట్టి చిన్న పరిమాణంలోనే సంతానోత్పత్తికి సిద్ధమవుతాయని చేపల శాస్త్రవేత్తలు గమనించారు. కొన్నాళ్ళకు ఆ సరస్సులో అరచేతిలో సగం ఉన్న బ్లూగిల్ తప్ప మరేమీ దొరకదు. అందుచేత 25 అన్న పరిమితి గుడ్లు పెట్టే ఈ కాలంలో మిగతా కాలం కంటే ఎక్కువ విలువైనది.

బాస్ విషయం వేరు. లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్ రెండూ కలిపి రోజుకు 5, ఒక్కొక్కటి కనీసం 14 అంగుళాలు. మిషిగన్ దక్షిణ భాగమైన దిగువ ద్వీపకల్పంలోని చాలా నీళ్ళలో మెమోరియల్ డే (మే నెల చివరి సోమవారం) ముందు శనివారం నుంచే వాటిని ఉంచుకోవచ్చు. అంతకు ముందు పడితే వెంటనే వదిలేయాలి. కొలిచేది మూతి మూసి, తోకను దగ్గరికి నొక్కి, మూతి కొస నుంచి తోక కొస దాకా. ఇరవై అడుగుల దూరం నుంచి 13 అంగుళాలకూ 14 అంగుళాలకూ తేడా ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఫిర్యాదులో ‘పన్నెండు అంగుళాల బాస్’ అని గట్టిగా చెప్పవద్దు. ‘పొట్టిగా కనిపించిన బాస్ చేపలను కూలర్‌లో వేశారు’ అని మీరు చూసింది చూసినట్టు చెప్పండి. కొలవడం అధికారి పని.

ఇక పద్ధతి. రాష్ట్ర సహజవనరుల శాఖ, అంటే డీఎన్‌ఆర్ వారికి అక్రమ వేట గురించి ఫిర్యాదు చేసే ర్యాప్ నంబరు 800-292-7800. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఫోన్ చేయవచ్చు, మెసేజ్ కూడా పంపవచ్చు. పేరు చెప్పకుండానే సమాచారం ఇవ్వవచ్చు. వారికి కావలసినవి ఇవీ: పార్కు పేరుతో పాటు ఏ ఒడ్డు, ఏ పార్కింగ్ స్థలం దగ్గర, ఎంతమంది గాలం వేస్తున్నారు, ఏ చేపలు, కారు నంబరు, రంగు, వారు ఇంకా అక్కడే ఉన్నారా, బయలుదేరుతున్నారా. ఈ చివరి విషయమే అన్నిటికంటే ముఖ్యం. అధికారి స్వయంగా కూలర్ తెరిచి లెక్కపెట్టగలిగితేనే కేసు నిలబడుతుంది. చేపలు ఇంటికి చేరి వేపుడైన తర్వాత మీ మాట ఒక్కటే మిగులుతుంది. కాబట్టి ఒడ్డున ఉండగానే, కొంచెం పక్కకు వెళ్ళి ఫోన్ చేయండి.

సమాధానం: గోదావరి గట్టు

పై సమాధానంలోని నిబంధనలతో నాకు పేచీ లేదు. కానీ ముందు మాట్లాడి చూడాలన్నదే నా అభిప్రాయం. మనలో చాలామంది గోదావరి, కృష్ణా తీరాల నుంచి వచ్చినవాళ్ళం. అక్కడ చెరువులోనో కాలువలోనో సరదాకు గాలం వేసేవాడిని మనిషికి ఇన్ని, అంగుళాలు ఇన్ని అని అడిగినవారు లేరు. అయితే చేప గుడ్లు పెట్టే కాలాన్ని గౌరవించడం మనకు తెలియని విషయం కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, సముద్రంలో మరబోట్ల వేట ఆపేస్తారు. కాకినాడలో, విశాఖలో ఆ రెండు నెలలూ బోట్లు ఒడ్డున కట్టి ఉండడం చూస్తూ పెరిగినవారికి ‘ఇక్కడ కూడా పిల్ల చేపల కోసమే ఈ లెక్క’ అంటే ఒక్క మాటలో అర్థమవుతుంది. కొత్తగా వచ్చినవారికి లైసెన్సు కొన్నప్పుడు నిబంధనల పుస్తకం చూడాలని చెప్పేవారే ఉండరు. తెలుగులో, పిల్లల ముందు పరువు పోకుండా, ‘అన్నా, బాస్ చిన్నవి వదిలేయాలండీ, అధికారులు వస్తే జరిమానా వేస్తారు’ అని ఒక్కసారి చెబితే సగం మంది అక్కడికక్కడే మానుకుంటారని నా నమ్మకం. వినకపోతే అప్పుడు ఫోన్ చేయండి.

సమాధానం: విండ్సర్ వైపు నుంచి

గోదావరి గట్టు గారి సదుద్దేశాన్ని గౌరవిస్తూనే, ఆ సలహాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. నేను డెట్రాయిట్ నదికి ఇవతల, కెనడాలోని ఒంటారియోలో ఉంటాను. 2007లో ఇక్కడ సిమ్కో సరస్సు ప్రాంతంలోనూ, మరికొన్ని చోట్లా ఆసియా సంతతివారు గాలం వేస్తుంటే కొందరు స్థానికులు వారిని దూషించారు, వంతెనల మీద నుంచి, డాకుల మీద నుంచి నీళ్ళలోకి తోశారు. ఒక సంఘటనలో కారుతో వెంటాడడం వల్ల తీవ్రమైన గాయాలు కూడా అయ్యాయి. ఒంటారియో మానవ హక్కుల కమిషన్ దీని మీద విచారణ జరిపి 2008లో నివేదిక ఇచ్చింది. ఆ దాడులను వెనకేసుకొచ్చినవారు చెప్పిన సాకు ఏమిటంటే, వీళ్ళు పరిమితి దాటి పడతారు అన్నదే. ఒడ్డున ఒక మామూలు మనిషి తనంతట తాను నిబంధనలు అమలు చేయడం మొదలుపెడితే అది ఎక్కడిదాకా పోతుందో మేము చూశాము.

మీరు తెలుగువారే, వారూ తెలుగువారే, కాబట్టి ఇక్కడ జాతి సమస్య లేదని మీరు అనవచ్చు. కానీ గొడవ పెరిగితే చుట్టూ చూస్తున్నవారికి కనిపించేది కేకలు వేసుకుంటున్న భారతీయులు మాత్రమే. పైగా మీరు మాట్లాడిన మరుక్షణం వారు కూలర్ మూసి కారెక్కుతారు, లేదా చేపలను నీళ్ళలో కుమ్మరిస్తారు. అప్పటికి వాటిలో చాలా వరకు చచ్చిపోయే ఉంటాయి. తర్వాత అధికారి వస్తే ఎవరు ఫోన్ చేశారో వారికి చెప్పకనే తెలుస్తుంది. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వెసులుబాటు అక్కడితో పోయినట్టే. పరిచయం ఉన్నవారైతే తర్వాత ఎప్పుడో ఇంట్లో కూర్చుని చెప్పండి, అది మంచి పని. అపరిచితులైతే దగ్గరికి వెళ్ళవద్దు.

మరో విషయం. ఎవరు చేసినా ఒకే కొలత పాటించండి. పక్క పడవలో తెల్లవాళ్ళు పరిమితికి మించి వాలై అనే చేపలను పడుతుంటే మీరు ఫోన్ చేస్తారా అని మిమ్మల్ని మీరు అడుగండి. ఫోన్‌లో కూడా మనుషుల రూపు, భాష గురించి కాక, వారు చేస్తున్న పని గురించి, వారి కారు గురించి, దుస్తుల రంగు గురించి చెప్పండి. ఫోటోలు తీసినా అవి అధికారులకే చేరాలి. పిల్లల ముఖాలతో వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం చేపల దొంగతనం కంటే పెద్ద తప్పు.

సమాధానం: ఫార్మింగ్టన్ హిల్స్ పాఠకురాలు

వీసా సంగతి ఎవరూ ముట్టలేదు గనుక నాకు తెలిసినంత చెబుతాను. నేను న్యాయవాదిని కాను. ర్యాప్‌కు చేసే ఫిర్యాదు ఇమిగ్రేషన్ శాఖకు చేసే ఫిర్యాదు కాదు. కన్జర్వేషన్ ఆఫీసర్ వచ్చి లైసెన్సు అడుగుతారు, చేపలు లెక్కిస్తారు, కొలుస్తారు, అవసరమైతే హెచ్చరిస్తారు లేదా టికెట్ రాస్తారు. అయితే మిషిగన్‌లో ఆ అధికారికి పోలీసులకున్న పూర్తి అధికారాలన్నీ ఉన్నాయన్న సంగతి మనవాళ్ళు చాలామందికి తెలియదు. పార్కు కాపలాదారు అనుకుని అబద్ధం చెప్పడం, వాదనకు దిగడం, ఇంకొకరి లైసెన్సు చూపించడం చాలా పెద్ద పొరపాటు. పరిమితి ఉల్లంఘన ఇక్కడ ఎక్కువగా మిస్‌డిమీనర్ (చిన్న స్థాయి నేరం) కిందికి వస్తుంది, పట్టిన చేపల విలువను రాష్ట్రానికి కట్టవలసి రావచ్చు. గ్రీన్ కార్డుకు, పౌరసత్వానికి దరఖాస్తు చేసేటప్పుడు అరెస్టులు, టికెట్లు, కేసుల గురించి అడిగే ప్రశ్నలు ఉంటాయి. వాటికి నిజమే రాయాలి. కాబట్టి టికెట్ అందుకున్నవారు జరిమానా కట్టి మరచిపోకుండా, ముందుగా ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగడం మేలు.

ఇది విని మీరు ఫోన్ చేయడం మానుకోవాలని నా ఉద్దేశం కాదు. ఆ పర్యవసానం కూలర్ నింపినవారి పని వల్ల వచ్చినదే గాని, చూసి చెప్పినవారి వల్ల వచ్చినది కాదు. అదే ఒడ్డున నిబంధనలు పాటించే మన పిల్లలు కూడా గాలం వేస్తున్నారు, రేపు ఆ సరస్సులో వారికీ చేప దొరకాలి.

ఇంతకంటే నన్ను బాధిస్తున్న విషయం ఒకటి ఉంది. కొన్ని వాట్సాప్ గ్రూపుల్లో ‘తాజా చేప, శుభ్రం చేసి ఇవ్వబడును’ అంటూ పౌనుకు ఇంత అని ధర పెట్టడం చూస్తున్నాను. సరదా వేట లైసెన్సు మీద పట్టిన చేపను అమ్మడం, కొనడం రెండూ చట్టవిరుద్ధమే. పులుసుకు నాలుగు చేపలు ఎక్కువ పట్టుకున్న కుటుంబం వేరు, వారం వారం డబ్బు కోసం సరస్సును ఊడ్చేవారు వేరు. అటువంటి ప్రకటన కనిపిస్తే దాని స్క్రీన్‌షాట్ తీసి డీఎన్‌ఆర్‌కు పంపండి. ఇక్కడ తొందర లేకపోయినా ఆధారం గట్టిగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు: కెంట్ లేక్ తీరం

అందరికీ ధన్యవాదాలు. మనుషులను లెక్కించాలన్న మాట నాకు చాలా ఉపయోగపడింది. ఆ రోజు గాలం పట్టుకున్నవారు ఎందరో నేను సరిగా గమనించలేదు, కాబట్టి బ్లూగిల్ సంగతి నేను ఎత్తను. బాస్ విషయం మాత్రం ఈసారి కనిపిస్తే అక్కడి నుంచే ఫోన్ చేస్తాను. మరో రెండు సందేహాలు. జరిగిపోయిన రోజు గురించి ఇప్పుడు చెప్పడంలో ప్రయోజనం ఉందా? వేసవిలో మేము ఉత్తరాన ట్రావర్స్ సిటీ వైపు వెళుతుంటాము, అక్కడ వలలు వేయడం చూశాను, దాని గురించి కూడా చెప్పాలా?

సమాధానం: హ్యూరాన్ నది ఒడ్డు

జరిగిపోయినదాని మీద కేసు కట్టడం కష్టమే, కానీ చెప్పడం వృథా కాదు. ఫలానా ఒడ్డున శనివారం సాయంత్రాలు ఇలా జరుగుతోందని తెలిస్తే ఆ కౌంటీ అధికారి తన గస్తీని ఆ సమయానికి మార్చుకోగలరు. మళ్ళీ వస్తామని వారు అనుకోవడం మీరు విన్నారు కదా, ఆ ముక్క కూడా చేర్చండి.

ఉత్తరాన వలల విషయంలో తొందరపడకండి. 1836లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో అక్కడి ఆదివాసీ తెగలు భూమిని వదులుకున్నా చేపల వేట హక్కును వదులుకోలేదని ఫెడరల్ న్యాయస్థానం 1979లో తీర్పు చెప్పింది. ఆ తెగల సభ్యులు తమ తెగ నిబంధనల ప్రకారం, తెగ ఇచ్చిన అనుమతితో వల వేస్తారు. మన లైసెన్సు లెక్కలు వారికి వర్తించవు. వారికి తమ సొంత అధికారులు ఉన్నారు. అక్కడ మీకు నిజంగా అనుమానం కలిగితే ర్యాప్‌కు ఫోన్ చేసి, చూసిన స్థలం, సమయం, వలకు కట్టిన గుర్తుల వివరాలు చెప్పి, ఇది ఎవరి పరిధిలోకి వస్తుందని అడగండి. పడవ దగ్గరికి మాత్రం వెళ్ళకండి, వలను ముట్టుకోకండి.