ఏడాదిన్నర పాపని హాలోవీన్‌కి వీధిలోకి తీసుకెళ్లాలా, వద్దా?

ఫ్రిస్కో అమ్మ:
మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. మా వీధిలో అక్టోబర్ 31 సాయంత్రం పిల్లలంతా వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు పోగేసుకుంటారు. పోయినేడు మరీ చంటిది కదా అని ఊరుకున్నాం. ఈసారి గుమ్మడికాయ డ్రెస్ కూడా కొనేశాం. మా అత్తగారేమో "సందెవేళ దెయ్యాల బొమ్మల మధ్యకి పసిదాన్ని తీసుకెళ్తారా, జడుసుకుంటే ఎవరిది పూచీ" అంటున్నారు. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మీరేమంటారు?

ఎడిసన్ నాన్న:
మానేయండి. ఆ వయసు పిల్లకి గుమ్మం దగ్గర నిలబడి "ట్రిక్ ఆర్ ట్రీట్" అని మిఠాయి అడగడమే రాదు. వచ్చిన చాక్లెట్లు పెట్టకూడదు. రెండేళ్లలోపు పిల్లలకి కలిపిన చక్కెర వద్దని అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాలే చెబుతున్నాయి. మరి చాక్లెట్లు పోగేసే బకెట్ ఎవరికి? మనకి. ఫొటో ఎవరికి? వాట్సాప్ గ్రూపుకి. నిద్రపోయే టైంలో పిల్లని రోడ్డు మీద తిప్పి మన ముచ్చట తీర్చుకోవడం తప్ప ఇందులో ఏముంది?

చాండ్లర్ అక్క:
అలా అయితే బారసాల, అన్నప్రాసన కూడా మానేయాలండీ, వాటిలో మాత్రం పిల్లకి ఏం తెలుస్తుంది? ముచ్చట మనదే, కాదనను. కానీ మా పక్కింటి పెద్దావిడ ఏడాదంతా కనపడదు, ఆ ఒక్క సాయంత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని వీధిలో పిల్లలందరినీ పలకరిస్తుంది. మా పిల్లల పేర్లు ఆవిడకి తెలిసింది అలాగే. తీసుకెళ్లమ్మా.

నైట్ షిఫ్ట్ నర్సు:
పిల్లల ఎమర్జెన్సీలో పని చేస్తాను, అందుకే వేరే కోణం చెబుతా. జనం భయపడేది ఒకటి, జరిగేది ఇంకొకటి. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు చాక్లెట్లో విషం పెడతారని ఏటా ప్రచారం. 1974లో టెక్సస్‌లోనే ఒక బాబు సైనైడ్ కలిపిన క్యాండీ తిని చనిపోయిన మాట నిజం. ఆ విషం పెట్టింది బీమా డబ్బు కోసం సొంత తండ్రి! రేపర్ చిరిగినవి, ముందే విప్పినవి పారేయండి, చాలు. గంజాయి కలిపిన గమ్మీలు (జెల్లీ బిళ్లలు) మాత్రం అచ్చం మామూలు క్యాండీల్లాగే ఉంటాయి, వాటి మీద ఓ కన్నేయండి.

అసలు ప్రమాదం గొంతులో ఇరుక్కోవడం. గట్టి క్యాండీలు, పాప్‌కార్న్, వేరుశనగలు, బాగా సాగే కేరమెల్... నాలుగేళ్లలోపు పిల్లలకి ఇవేవీ వద్దు. పక్కనున్న పెద్ద పిల్లాడు ప్రేమగా నోట్లో పెట్టేస్తాడు, మీరు తిరిగి చూసేలోపు. ఇంకోటి, మెరిసే ఉంగరాలు, వెలిగే మంత్రదండాలు. వాటిలో బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. అది మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు. స్క్రూ లేకుండా మూత ఊడొచ్చే లైటు బొమ్మ ఏదీ ఇంట్లోకి రానీయకండి.

గుమ్మడికాయ డ్రెస్ అన్నారు కదా, దూది కూరినట్టు ఉబ్బుగా ఉంటే అది వేసి కారు సీట్లో కూర్చోబెట్టకండి. బెల్టు బిగించినట్టే ఉంటుంది కానీ వదులు ఉండిపోతుంది. దిగాక తొడగండి. మాస్క్ అసలొద్దు.

కావలి అమ్మమ్మ:
అట్లాంటాలో కూతురి దగ్గర ఉన్నానమ్మా. మీ అత్తగారి మాట కొట్టిపారేయొద్దు. గాలీ ధూళీ అని నేననను. కానీ ఇక్కడ కొందరి గుమ్మాల్లో మనిషంత అస్థిపంజరం ఉంటుంది, దగ్గరికెళ్లగానే కళ్లు వెలిగించి అరుస్తుంది. పెద్దదాన్ని నాకే గుండె ఝల్లుమంది. ఆ వయసు బిడ్డకి అది బొమ్మో, నిజమో తెలుస్తుందా? జడుసుకున్న పిల్ల రాత్రంతా ఉలిక్కిపడి లేస్తుంది. మా ఊళ్లో దసరాకి పులివేషం వస్తే చంటిపిల్లల్ని చంకనేసుకుని లోపలికి వెళ్లిపోయేవాళ్లం.

నైట్ షిఫ్ట్ నర్సు:
అమ్మమ్మ గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆ వయసులో నాన్న మాస్క్ పెట్టుకున్నా పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది.

హైదరాబాద్ పిన్ని:
ఇంత భయపడుతూ చేసుకోవడం ఎందుకో! మనకి దీపావళి లేదా?

చాండ్లర్ అక్క:
ఉంది పిన్నీ, 2024లో రెండూ ఒకే రోజు పడ్డాయి. రెండూ చేసుకున్నాం.

నైట్ షిఫ్ట్ నర్సు:
మన పండగల్లో భయం లేదని ఎవరన్నారు పిన్నిగారూ? భోగిపళ్లలో గింజ ఉన్న రేగుపళ్లు, శనగలు, చిల్లర నాణేలు పసిపిల్ల నెత్తిన పోస్తాం. అన్నీ గొంతుకి అడ్డం పడేవే. అయినా మానం, పోసి చకచకా ఏరేస్తాం. ఇదీ అంతే. ఆ రోజు చెక్కి గుమ్మంలో పెట్టే గుమ్మడికాయలో కొవ్వొత్తి బదులు ఎల్ఈడీ లైటు పెట్టండి.

ఎడిసన్ నాన్న:
రోడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. 1975 నుంచి 2016 వరకు ప్రమాదాల లెక్కలు తీస్తే, వారం ముందు, వారం తర్వాత సాయంత్రాల కంటే హాలోవీన్ సాయంత్రం పాదచారులు చనిపోయే ముప్పు 43 శాతం ఎక్కువని తేలింది. దీనికేమంటారు?

నైట్ షిఫ్ట్ నర్సు:
ఆ అధ్యయనం నేనూ చదివాను. బాగా పెరిగింది నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి, దాదాపు పది రెట్లు. చెయ్యి విడిపించుకుని పరిగెత్తే వయసు అది. ఏడాదిన్నర పాప స్ట్రోలర్లోనో చంకలోనో ఉంటుంది. మీరు రోడ్డు దాటకుండా, మీ వైపు ఇళ్లకే వెళ్తే చాలావరకు తగ్గినట్టే.

ఫ్రిస్కో అమ్మ:
అయితే చీకటి పడకముందే వెళ్లొచ్చేస్తాం. ఇక్కడ చలికాలానికి గడియారాలు గంట వెనక్కి తిప్పేది నవంబర్ మొదటి ఆదివారమే కాబట్టి మాకు ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది. ఐదున్నరకి బయల్దేరి తెలిసిన నాలుగిళ్లకే వెళ్తాం, అస్థిపంజరాల ఇంటివైపు పోము. అత్తగారు గుమ్మంలో కూర్చుని వచ్చిన పిల్లలకి పంచుతానన్నారు. ఏం పంచమంటారు?

చాండ్లర్ అక్క:
చాక్లెట్లతో పాటు స్టిక్కర్లు, రంగు పెన్సిళ్లు పెట్టమ్మా. నీలిపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ గుమ్మంలో ఉంటే "తినేవి కానివి కూడా ఇస్తాం" అని అర్థం, వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లల తల్లులు ధైర్యంగా వస్తారు.

ఎడిసన్ నాన్న:
మాకిక్కడ న్యూజెర్సీలో ఆరు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికే చీకటి. నేనైతే మావాడికి నాలుగేళ్లు వచ్చేదాకా తీసుకెళ్లను. మీరు వెళ్లిరండి, ఫొటో మాత్రం ఇక్కడ పెట్టొద్దు, మా ఆవిడ ఈ గ్రూపులోనే ఉంది.