మోటార్‌హోమ్ కొనాలి: మైలేజీ, బరువు సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

కొండాపూర్_కిరణ్:
మేం నలుగురం, మాతో పాటు నాన్న. పెద్ద ట్రిప్పులు తక్కువే, ఎక్కువగా వికారాబాద్, నాగార్జునసాగర్, శ్రీశైలం. సెకండ్ హ్యాండ్ ట్రావెలర్ (ఫోర్స్ కంపెనీ వ్యాన్) కొని లోపల ఇల్లులా కట్టించుకోవాలా, కట్టి ఉన్న అర్బేనియా (అదే కంపెనీ వ్యాన్) తీసుకోవాలా తేలడం లేదు. బాత్‌రూమ్ పెడితే బరువు, మైలేజీ ఎలా మారతాయి? ఇన్సూరెన్స్ ఎలా? మళ్లీ అమ్మితే రేటు వస్తుందా?

సైనిక్‌పురి_వాణి:
బాత్‌రూమ్ తర్వాత సంగతి. కట్టేవాడు ఏ చెక్క వాడతాడో ముందు అడగండి. మాకు కట్టిన షెడ్డువాళ్లు ఇంట్లో వార్డ్‌రోబ్ చేసినట్టే 19 ఎంఎం ప్లైవుడ్ దించారు. 8 బై 4 షీటు ఒక్కటే 35 కిలోల పైన ఉంటుంది. చాలదన్నట్టు కిచెన్ మీద గ్రానైట్, చదరపు మీటరుకి 50 కిలోలు! "లుక్ బాగుంటుంది మేడమ్" అంటాడు. ధర్మకాటా (లారీలు తూచే కాటా) ఎక్కిస్తే, మేం ఎక్కకముందే ఆర్‌సీలోని గ్రాస్ వెయిట్ (బండి, మనుషులు, సామాను కలిపి అనుమతించిన బరువు) అంచుకి వచ్చేసింది. మార్చమంటే మళ్లీ డబ్బులట. డ్రాయింగ్‌లో మాకు చూపించింది తేలికపాటి అల్యూమినియం ప్యానెల్.

రోడ్డెక్కిన_రాజు:
ఖాళీ ట్రావెలర్ హైవే మీద లీటరుకి 11 కిలోమీటర్లు ఇచ్చేది. కట్టించాక 9. రూఫ్ మీద క్యారియర్, సోలార్, ఆనింగ్ (పక్కకి తెరిచే నీడ గుడ్డ) ఎక్కించాక 8 దాటడం గగనం. అర్బేనియాలోనూ అదే 2.6 లీటర్ల ఇంజిన్, కాబట్టి అద్భుతాలు ఆశించకండి.

లెక్కల_సార్:
రాజు గారూ, మీకు మైలేజీ తగ్గింది బరువు వల్ల కాదు, ఆ క్యారియర్ వల్ల. చదును రోడ్డు మీద ఒకే స్పీడులో వెళ్లేటప్పుడు బరువు పాత్ర తక్కువ. గాలి నిరోధం స్పీడు వర్గంతో పెరుగుతుంది. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 80లో పోయే బండిని 100కి తీసుకెళ్తే గాలి ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. బరువు దెబ్బ తెలిసేది ఘాట్లలో, అమీర్‌పేట ట్రాఫిక్‌లో. 80 దాటకపోతే సగం సమస్య పోతుంది.

డిపో_మామ:
సార్, పుస్తకం పక్కన పెట్టండి. నేను ఆర్టీసీలో స్టీరింగ్ పట్టి రిటైర్ అయినవాణ్ణి. మా దగ్గర ప్రతి డ్రైవరుకీ కేఎంపీఎల్ (లీటరుకి ఎన్ని కిలోమీటర్లు) లెక్క రాసేవాళ్లు, బాగా తెచ్చినవాడికి నగదు బహుమతి ఇచ్చేవాళ్లు. మైలేజీ బండిలో ఉండదు, కుడికాలిలో ఉంటుంది. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసి వదిలితే డీజిల్ చుక్క కాలదు.

బోనెట్_బాబు:
మామా, దండం పెడతా, ఇది చదివి ఎవరైనా చేస్తారు. నాలుగు టన్నుల బండిని న్యూట్రల్‌లో ఘాట్ దింపితే భారమంతా బ్రేకుల మీదే. లైనింగ్ వేడెక్కి ఒక మలుపులో పెడల్ తొక్కినా పట్టదు. డీజిల్ ఆదా కూడా లేదు. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తేనే ఐడిలింగ్‌కి డీజిల్ కాలుతుంది.

డిపో_మామ:
నీ ఈసీయూ నిన్న మొన్న వచ్చింది. పాత బండ్లకి ఇంజిన్‌కి డీజిల్ కొట్టే పంపు ఉండేది, తెలుసా?

బోనెట్_బాబు:
తెలుసు, ఆ పంపులు విప్పి బిగించే పనిలోనే ఉన్నా. ఇన్‌లైన్ పంపులో కూడా స్పీడు ఎక్కువై కాలు తీస్తే గవర్నర్ (స్పీడు అదుపుచేసే భాగం) డీజిల్ కొలత మార్చే ర్యాక్‌ని వెనక్కి లాగి డీజిల్ ఆపుతుంది. అప్పుడూ ఇదే రూలు.

డిపో_మామ:
నువ్వు విప్పావు, నేను నడిపాను. రెండూ ఒకటి కావు బాబూ.

ఉప్పల్_శేఖర్:
కొట్టుకోకండి అన్నలూ. డీజిల్ ఖర్చు తగ్గాలంటే ముంబై రోడ్డులో జహీరాబాద్ దాటి కర్ణాటకలో కొట్టించండి, మన దగ్గరకంటే తక్కువ. విజయవాడ వైపు వెళ్లేవాళ్లు కోదాడలోనే నింపుకోవాలి, అవతల ఎక్కువ.

రోడ్డెక్కిన_రాజు:
సార్, క్యారియర్ తీసేసి కూడా నడిపా. పెద్ద తేడా లేదు. మీ వర్గాలు మీరే ఉంచుకోండి.

లెక్కల_సార్:
పంపు దగ్గర మొదటి క్లిక్‌కి ఆపి లెక్కేశారా, మెడ వరకూ నింపి వేశారా? కొలత సరిగా లేకుండా వాదన ఎందుకు?

రోడ్డెక్కిన_రాజు:
డీజిల్ పోయించడం కూడా మీరే నేర్పాలా?

బోడుప్పల్_నసీమా:
కిరణ్ భాయ్, బాత్‌రూమ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. గది బరువు పెద్దది కాదు, నీళ్లది. లీటరు అంటే కిలో. 200 లీటర్ల ట్యాంకు నిండితే ముగ్గురు పెద్దవాళ్లు అదనంగా ఎక్కినట్టే. మేం ఇంటి నుంచి పావు ట్యాంకుతో బయల్దేరి, రాత్రి ఆగే ఊరికి ముందు నింపుకుంటాం. ట్యాంకు వెనక యాక్సిల్ అవతల పెట్టనివ్వకండి, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. రెండు యాక్సిళ్ల మధ్య, కింద ఉండాలి. మీ నాన్న గారి కోసమైనా బాత్‌రూమ్ ఉంచండి. పెద్దవాళ్లని అర్ధరాత్రి ధాబా వెనక్కి పంపలేం కదా.

సైనిక్‌పురి_వాణి:
బ్యాటరీ కూడా చూడండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ నిల్వ కొలత) ఇన్వర్టర్ బ్యాటరీ ఒక్కటి 50 కిలోలకి అటూఇటూ. 12 వోల్టుల లిథియం 100 ఏహెచ్ పన్నెండు కిలోల దగ్గరే, పైగా దాదాపు ఖాళీ అయ్యేదాకా వాడుకోవచ్చు. ఇంటి గ్యాస్ బండ ఎక్కిస్తే నిండుగా దాదాపు 30 కిలోలు. 5 కిలోలది చాలు. మా షెడ్డువాళ్లకి ఇవన్నీ చెప్తే నవ్వారు.

వనస్థలి_వంశీ:
లైసెన్సు సంగతి. గ్రాస్ వెయిట్ 7,500 కిలోల లోపు ఉంటే ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు సరిపోతుంది. పెద్ద ఛాసిస్ మీద ఇల్లు కట్టేవాళ్లు ఆ గీత చూసుకోవాలి. కట్టించే ముందే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీఓ అనుమతి కావాలి. తయారీదారు ఇచ్చిన ప్రాథమిక స్పెసిఫికేషన్లు మార్చడానికి వీల్లేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మోటార్ క్యారవాన్లకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం సర్టిఫికెట్ ఉన్నవాళ్ల దగ్గరే కట్టించండి. ఆర్‌సీలో మార్పు ఎక్కకపోతే క్లెయిమ్ దగ్గర చుక్కలు చూస్తారు.

కొండాపూర్_కిరణ్:
థాంక్స్ వంశీ గారూ, నసీమా గారూ. అయితే ట్రావెలరా, అర్బేనియానా?

డిపో_మామ:
ఏదైనా ఒకటే. నాకు స్టీరింగ్ ఇచ్చి చూడు, 12 తెస్తా.

బోనెట్_బాబు:
న్యూట్రల్‌లోనా?

బండి_పిచ్చోడు:
శ్రీశైలం అంటున్నారు కదా, రాత్రి 9 తర్వాత మన్ననూరు గేటు మూస్తారు, పొద్దున 6కి తీస్తారు. టైగర్ రిజర్వ్. గేటు దగ్గర బండిలోనే పడుకోవచ్చా, ఎవరైనా పడుకున్నారా?

ఉప్పల్_శేఖర్:
అక్కడ పడుకోవడం సరే, మా కాలనీలో ఇంటి ముందు పెట్టడానికే అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోవడం లేదు. ఆరు మీటర్ల బండి అట, అంబులెన్స్ తిరగదట. ఉప్పల్ చుట్టుపక్కల నెల అద్దెకి పార్కింగ్ ఉంటే మెసేజ్ పెట్టండి.