హెన్రీ డౌల్టన్ కుటుంబం గురించి తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి, మా తమ్ముడి విషయంలో అవసరం

మండపేట_అబ్బాయి:
అందరికీ నమస్తే అండి. మాది మండపేట దగ్గర పల్లెటూరు, తాతల నాటి నుంచీ కుమ్మరి పనే. నాన్న ఇప్పటికీ సారె తిప్పుతారు, పెళ్ళిళ్ళకి ఐరేణి కుండలు, కార్తీకంలో ప్రమిదలు, ఎండల్లో నీళ్ళ కుండలు, మిగతా రోజుల్లో కూలి పని. నేను ఉద్యోగంలోకి వచ్చేశాను కానీ తమ్ముడు ఇంటర్ అయిపోగానే ఇంజినీరింగ్ వద్దు సారె పనే చేస్తానని కూర్చున్నాడు, నాన్న ససేమిరా అంటున్నారు. వాడు విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో కుండల ఫ్యాక్టరీ నడిపిన హెన్రీ డౌల్టన్ అనే ఆయన గురించి చదివి, ఆయన కూడా పదిహేనేళ్ళకే వాళ్ళ నాన్న దగ్గర పనిలో చేరాడు కదా అంటాడు. అసలు ఆ కుటుంబం ఎలా పైకొచ్చింది, మనలాంటివాళ్ళకి అందులో పనికొచ్చేది ఏమైనా ఉందా?

గోదారి_గట్టు:
మీ తమ్ముడు చెప్పింది నిజమే తమ్ముడూ, కాకపోతే కథ అక్కడితో ఆగలేదు. తండ్రి జాన్ డౌల్టన్ సారె పనివాడు, 1815లో వంద పౌన్లు పెట్టి లండన్‌లోని లాంబెత్‌లో ఒక చిన్న కుండల వర్క్‌షాపులో వాటాదారుడయ్యాడు. హెన్రీ 1820లో పుట్టాడు, పిల్లల్లో చదువు మీద బాగా ఇష్టం ఉన్నవాడు ఆయనే, కవిత్వమంటే ప్రాణం, ఇంట్లోవాళ్ళు పెద్ద చదువులకి పంపుదామనుకుంటే 1835లో తనంతట తనే మట్టిలోకి దిగాడు. ఓనర్ కొడుకునని ఆఫీసులో కూర్చోలేదు, ముందు సారె నేర్చుకున్నాడు.

ఆ ఇంటికి డబ్బు తెచ్చింది మాత్రం కూజాలూ బొమ్మలూ కాదు, డ్రైనేజీ పైపులు! అప్పట్లో లండన్‌లో కలరాతో జనం పిట్టల్లా రాలిపోయేవాళ్ళు, ఇటుకల కాలవల్లోంచి మురుగు భూమిలోకి ఇంకిపోయేది, అందుకని లోపల నున్నగా ఉండి నీరు ఇంకని పైపులు కావాలని శానిటరీ ఉద్యమంవాళ్ళు గట్టిగా అడుగుతుంటే, హెన్రీ 1846లో కేవలం పైపుల కోసమే ఫ్యాక్టరీ పెట్టేశాడు. మన ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది ఆ మరుసటి ఏడే, 1847లో. అన్నదమ్ములు కూడా ఈ వ్యాపారంలోకి వచ్చారు, ఫ్రెడరిక్ అనే తమ్ముడైతే లాంబెత్ నుంచి ఎంపీ కూడా అయ్యాడు. కళాత్మకమైన కుండలు 1860ల తర్వాత మాట, అప్పటికి పైపుల మీద ఇల్లు నిలబడిపోయింది. 1887లో సర్ బిరుదు వచ్చింది, 1897లో పోయాడు, తర్వాత కొడుకు హెన్రీ లూయిస్ చూసుకున్నాడు. మీ తమ్ముడికి ఈ పైపుల సంగతి గట్టిగా చెప్పండి.

సిరామిక్_రాజమండ్రి:
పైన అన్న చెప్పినదానికి టెక్నికల్‌గా ఒక ముక్క కలుపుతాను. మన ఇళ్ళల్లో ఆవకాయ పెట్టే పాత జాడీ ఉంటుంది చూడండి, పైన గోధుమ రంగు, కింద లేత రంగు, పచ్చడి ఏడాదంతా ఉన్నా నూనె చెమ్మ బయటికి రాదు, అది స్టోన్‌వేర్, అంటే పెద్ద మంటలో కాల్చి నీరు ఇంకకుండా గట్టిపడిన మట్టి సరుకు, డౌల్టన్‌ది కూడా ఆ జాతి సరుకే. ఆయన పైపులకి సాల్ట్ గ్లేజు, అంటే కొలిమి 1200 డిగ్రీలు దాటి ఎర్రగా కాగుతున్నప్పుడు లోపలికి మామూలు ఉప్పు విసురుతారు, అది ఆవిరైపోయి అందులో సోడియం మట్టిలో ఉన్న సిలికాతో కలిసి పైన గాజు పొరలా పట్టేస్తుంది, విడిగా పూత పూసే పనే లేదు. ఆ పొగలో యాసిడ్ ఉంటుంది కాబట్టి ఊరి మధ్యలో చేసే పని కాదిది.

మన డెల్టా ఒండ్రుమట్టి దీనికి పనికిరాదు అండి. ఆవంలో గడ్డీ కట్టెలూ పెట్టి కాలిస్తే దానికి ఆ మంట చాలు, 1200 దాకా తీసుకెళ్తే కుండ కుండలా ఉండదు, మెత్తబడి కూలిపోతుంది. మెట్టలో ద్వారకాతిరుమల వైపు బాల్ క్లే అనే మెత్తటి బంకమట్టి దొరుకుతుంది, దాంతో అయితే స్టోన్‌వేర్ గురించి ఆలోచించొచ్చు. అబ్బాయికి నిజంగా ఇంట్రెస్ట్ ఉంటే గూడూరులో సిరామిక్ డిప్లొమా ఉంది, చదువు మానక్కర్లేదు, సారె వదలక్కర్లేదు, నాన్నగారు కూడా ఒప్పుకుంటారేమో.

ఆత్రేయపురం_అక్క:
నాకు ఈ డౌల్టన్ కథలో బాగా నచ్చేది ఆడవాళ్ళ సంగతి. పక్కనే ఉన్న లాంబెత్ ఆర్ట్ స్కూల్ నుంచి పిల్లల్ని తెచ్చుకుని పని ఇచ్చాడు, 1871లో హన్నా బార్లో అనే అమ్మాయి చేరింది, పచ్చి కుండ ఆరకముందే దాని మీద సన్నటి మొనతో గుర్రాలు, మేకలు గీసేది, ఆ గీతల్లోకి రంగు నింపేవారు. ఆమె కుడి చెయ్యి పనిచేయకపోతే ఎడమచేత్తో గీయడం నేర్చుకుందట. చెల్లి ఫ్లోరెన్స్, అన్న ఆర్థర్ కూడా అక్కడే చేశారు. తర్వాత తర్వాత వందలమంది ఆడవాళ్ళు ఆ పనిలో ఉన్నారు, కుండ అడుగున ఎవరి గుర్తు వాళ్ళు వేసుకునేవారు కాబట్టి ఏ కుండ ఎవరిదో ఇప్పటికీ చెప్పగలుగుతున్నారు. మన దగ్గర మట్టి తొక్కేది, ఆరబెట్టేది, ప్రమిదలకి నునుపు పట్టేది మా అమ్మలూ వదినలే కదా, కుండ మీద పేరు సంగతి ఎవరన్నా తలిచారా?

ఇంకోటి బాబూ, మా ఊళ్ళో పూతరేకులు వేసే కుండ చూశావా? బోర్లించి కింద మంట పెడతాం, పిండి తడిపిన గుడ్డ పైన అలా వేసి తీస్తే కాగితంలాంటి రేకు వస్తుంది, ఆ కుండ గుండ్రం ఎక్కడ కాస్త తేడాగా ఉన్నా రేకు అక్కడ చిరిగిపోతుంది. మంచి కుండ దొరక్క ఎంత ఇబ్బంది పడుతున్నామో మాకు తెలుసు. మీ నాన్నగారు అలాంటిది చేస్తారా?

మండపేట_అబ్బాయి:
అందరికీ చాలా థాంక్స్ అండి. ఈ పైపుల సంగతి వాడు చదివినదాంట్లో లేదు, రాత్రి చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. అక్కా, పూతరేకుల కుండ నాన్న ఇదివరకు చేసేవారట, కొలత ఉంటే చేసిస్తానంటున్నారు. గూడూరు డిప్లొమాకి ఎంట్రన్స్ ఎలా ఉంటుందో తెలుసుకుంటాను.

సిరామిక్_రాజమండ్రి:
అది చూసుకుంటూనే ఈలోపు ఒక పని చేయమనండి. ద్వారకాతిరుమల వైపు మట్టి కాస్త తెచ్చి, మీ ఊరి మట్టితో పాళ్ళు మార్చి మార్చి కలిపి చిన్న చిన్న బిళ్ళలు చేయమనండి, ప్రతి బిళ్ళ మీదా ఏది ఎంత కలిపాడో పచ్చిగా ఉన్నప్పుడే గీసి పెట్టుకోవాలి, కాలాక గుర్తుండదు. పెద్ద మంటలో కాల్చడానికి నాకు తెలిసిన కొలిమి ఒకటి ఉంది, మెసేజ్ పెట్టండి.