మన గ్రంథాలయం పై అంతస్తును కోచింగ్ సంస్థకు లీజుకు ఇవ్వడం సరైనదేనా?

చర్చ ప్రారంభం: ఓరుగల్లు పాఠకుడు

వరంగల్‌కు బస్సులో గంట దూరంలో ఉన్న మా పట్టణంలో రెండంతస్తుల శాఖా గ్రంథాలయం ఉన్నది. దాని పై అంతస్తులోని పెద్ద హాలును, దానికి ఆనుకొని ఉన్న రెండు గదులను ఐదేళ్లపాటు ఒక ప్రైవేటు కోచింగ్ సంస్థకు లీజుకు ఇవ్వాలనే ప్రతిపాదన వచ్చింది. కింది అంతస్తులో పత్రికలు, పుస్తకాలు, పిల్లల విభాగం ఇప్పటిలాగే నడుస్తాయని, పై అంతస్తు ఎట్లాగూ ఖాళీగా పడి ఉన్నదని, వచ్చే కిరాయితో కొత్త పుస్తకాలు కొనవచ్చునని ప్రతిపాదించినవారు చెబుతున్నారు. దీనికి వ్యతిరేకంగా పాఠకులం కొందరం సంతకాలు సేకరిస్తున్నాము. వినతిపత్రం ఇచ్చేలోపు భిన్నాభిప్రాయాలు కూడా వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా అభ్యంతరం ‘ఖాళీ’ అనే మాట దగ్గరే మొదలవుతుంది. రెండేళ్ల కిందటి వానాకాలంలో పై హాలు స్లాబు ఉరవడం మొదలైంది. ఉత్తరం వైపు గోడ పొడవునా చెమ్మ దిగి, నవలల బీరువాల అడుగు అరలు నానిపోయి, అట్టలు ఉబ్బిన పుస్తకాలను కిందికి దింపవలసి వచ్చింది. మరమ్మతు అయ్యేదాకా అని చెప్పి హాలుకు తాళం వేశారు. మరమ్మతు కాలేదు, తాళం తీయలేదు. ఇప్పుడు అదే హాలును వాడుకలో లేని స్థలమని కాగితం మీద చూపిస్తున్నారు. తలుపుకు తాళం వేసి, లోపలికి ఎవరూ రావడం లేదని లెక్క రాయడం ఏ పద్ధతి?

ఇంకొక సంగతి. 1960 నాటి ఉమ్మడి రాష్ట్ర పౌర గ్రంథాలయాల చట్టం ఆధారంగా, ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమందరం కడుతున్నాము. పన్ను 2,500 రూపాయలైతే సెస్సు 200 రూపాయలు. ఒక్క పుస్తకమైనా తీసుకోని ఇంటివారు కూడా కడుతున్నారు. ఆ సొమ్ముతో నడిచే భవనంలో సగాన్ని, నెలనెలా ఫీజు వసూలు చేసుకునే సంస్థకు అప్పగించేటప్పుడు, కట్టినవారిని ఒక్క మాట కూడా అడగకపోవడం నాకు మింగుడు పడడం లేదు.

కిరాణా వర్తకుడు

సార్, మీరు చెప్పిన సెస్సు నేను దుకాణానికి, ఇంటికి రెండింటికీ కడుతున్నాను కనుక నాకూ మాట్లాడే హక్కు ఉన్నదనుకుంటాను. స్థానిక సంస్థలు సెస్సు వసూలు చేసుకొని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయకుండా బకాయి పెట్టడం కొత్త సంగతి కాదు. రావలసిన సొమ్ము రానప్పుడు స్లాబు ఎవరు బాగు చేయాలి? మీరు తాళం గురించి రాశారు, మంచిది. ఆ తాళం తీసే స్తోమత ఎవరికున్నదో కూడా రాయండి. లీజు తీసుకునే సంస్థ తన ఖర్చుతో స్లాబు వేయించి, కిరాయి కూడా కడతానంటున్నప్పుడు, మనము సంతకాలు పెట్టి ఆపితే మిగిలేది ఇంకొక వానాకాలం, ఇంకొన్ని తడిసిన పుస్తకాలు.

ప్రైవేటు అనగానే ఉలిక్కిపడే అలవాటు మనకు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయాన్ని, 1904లో హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయాన్ని పెట్టినది ప్రభుత్వం కాదు. ప్రజలే, అంటే ప్రైవేటు వ్యక్తులే పెట్టారు. మా అమ్మాయి కోచింగ్ కోసం పొద్దున ఏడు గంటల బస్సుకు హన్మకొండ వెళ్లి రాత్రికి వస్తుంది. అదే శిక్షణ ఊళ్లోనే దొరికితే ఆ సంస్థకు లాభం రావచ్చు గాక, నా వంటి తండ్రికి కూడా లాభమే.

విశ్రాంత గ్రంథపాలకుడు

నేను జిల్లాలోని వేర్వేరు శాఖలలో పనిచేసి పదవీ విరమణ చేశాను. వర్తకుడు గారు చెప్పిన చరిత్ర నిజమే. అయితే అది ఏ వైపు నడిచిన చరిత్రో చూడాలి. పాలన, చదువు ఉర్దూలో సాగుతున్న నిజాం కాలంలో తెలుగు పుస్తకానికి చోటు కల్పించడానికి ఆ పెద్దలు సొంత డబ్బు, చందాలు పోగుచేసి తలుపులు తెరిచారు. సభ పెట్టుకోవాలన్నా గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు కింద ముందుగా అనుమతి తెచ్చుకోవలసిన రోజులు కూడా ఆ ఉద్యమం చూసింది. వారు తమ సొత్తును పది మందికి ఇచ్చారు. ఇక్కడ పది మంది సొత్తు ఒకరి చేతికి వెళ్తున్నది. రెండింటికీ ప్రైవేటు అనే పేరు ఒక్కటే అయినంత మాత్రాన రెండూ ఒకటి కావు.

నాకు అసలు బాధ రిజిస్టరుతో. ప్రతిపాదనలో పాఠకుల సంఖ్య తగ్గిందని రాశారని విన్నాను. గ్రంథాలయంలోకి వచ్చినవారు గుమ్మం దగ్గర బల్ల మీది రిజిస్టరులో వరుస సంఖ్య, పేరు, ఊరు రాసి సంతకం చేస్తారు. పొద్దున్నే వచ్చి పది నిమిషాలు పేపరు తిరగేసి వెళ్లేవారికి అందులో ఒక వరుస. పరీక్షకు చదువుకుంటూ తొమ్మిదింటికి కూర్చొని సాయంత్రం తలుపులు మూసేదాకా లేవని పిల్లకు కూడా ఒకటే వరుస. దినపత్రికలు సెల్‌ఫోనులోకి వచ్చిన తరువాత మొదటి రకంవారు తగ్గారు, అందుచేత మొత్తం తగ్గినట్లు కనిపిస్తుంది. ఎంతమంది వచ్చారన్నది రిజిస్టరు చెబుతుంది కానీ, ఏ కుర్చీ ఎన్ని గంటలు నిండి ఉన్నదో చెప్పదు. నేను పనిచేసిన రోజుల్లో నెలకొకసారి మధ్యాహ్నం మూడు గంటలకు లేచి కుర్చీలు లెక్కపెట్టేవాణ్ని. అది ఎవరూ అడగని లెక్క, ఏ ఫారంలోనూ దానికి గడి ఉండేది కాదు. కానీ భవనం చాలుతుందా లేదా అన్నది దానిలోనే తెలిసేది.

గ్రంథాలయం పెరిగే జీవి అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే చెప్పారు. ఆయన అయిదు సూత్రాలలో అది చివరిది. మా వృత్తిలోకి వచ్చే ప్రతివారికీ మొదటి నెలలోనే నేర్పుతారు, పదవీ విరమణ నాటికి దాదాపు అందరం మరిచిపోతాము.

గ్రూప్స్ అభ్యర్థిని

పెద్దలందరూ నా గురించే మాట్లాడుతున్నారు కనుక నేను కూడా రాయవచ్చునని అనుకుంటున్నాను. సార్ చెప్పిన ఆ ఒక్క వరుస పిల్లను నేనే.

పై హాలు మూసినప్పటి నుంచి మేము మెట్ల మలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు వేసుకొని చదువుతున్నాము. బల్ల లేదు కనుక పరీక్ష అట్టను ఒడిలో పెట్టుకొని రాసుకుంటాము. మెట్ల కిటికీ పడమటి వైపు ఉన్నందున మధ్యాహ్నం రెండు దాటితే ఎండ నేరుగా పుస్తకం మీద పడుతుంది, అప్పుడు కుర్చీని రెండడుగులు వెనక్కి జరుపుకుంటాము, నాలుగింటికి మళ్లీ ముందుకు వస్తాము. భోజనానికి లేస్తే కుర్చీ పోతుందని టిఫిన్ డబ్బాను కుర్చీ మీదనే వదిలి వెళ్తాము. ఆడవాళ్లకు, మగవాళ్లకు కలిపి మరుగుదొడ్డి ఒక్కటే, అది కింద ఉన్నది. ఇదంతా సానుభూతి కోసం చెప్పడం లేదు. హైదరాబాదులో చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకున్న మా సీనియర్లు చెట్ల కింద కూర్చొని చదివిన సంగతులు చెబుతుంటే, మాకు కనీసం నీడ ఉన్నదనుకుంటాను.

వర్తకుడు అంకుల్, కోచింగ్ ఊళ్లోకి వస్తే మంచిదే. కానీ కోచింగ్‌లో పాఠం విన్న తరువాత చదువుకోవడానికి చోటు కావాలి కదా. ఫీజు కట్టగలిగినవారికి ప్రైవేటు స్టడీ హాళ్లు ఉన్నాయి. కట్టలేనివారమే ఇక్కడికి వస్తున్నాము. పైన మైకులో తరగతి నడుస్తుంటే కింద నిశ్శబ్దంగా చదువుకోవడం ఎట్లా కుదురుతుంది? మెట్లు కూడా ఒక్కటే. ఇప్పుడు మేము కూర్చుంటున్న ఆ మలుపు రేపు వాళ్ల దారి అవుతుంది.

సంతకాలు సేకరిస్తున్న పెద్దలతో కూడా ఒక మాట. ఇంటి నుంచి సొంత పుస్తకాలు తెచ్చుకొని చదువుతున్నామని, గ్రంథాలయం ఉన్నది గ్రంథాలయం పుస్తకాలు చదవడానికి గానీ రోజంతా కుర్చీలు ఆక్రమించడానికి కాదని, గత సంవత్సరం మీలో కొందరు మమ్మల్నే లేపాలని అడిగారు. ఈ రోజు మీ వినతిపత్రంలో ‘నిరుద్యోగ యువత ప్రయోజనాల దృష్ట్యా’ అని ఉన్నది. నేను సంతకం పెడతాను, కానీ ఆ సంగతి మరిచిపోలేదు.

జిల్లా కోర్టు న్యాయవాది

భావోద్వేగాలను పక్కన పెట్టి రెండు అంశాలు మాత్రం రాస్తాను. లీజుకు, అనుమతికి తేడా ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం లీజు అంటే ఆ స్థలాన్ని అనుభవించే హక్కునే బదిలీ చేయడం. గడువు ఏడాది దాటితే పత్రాన్ని రిజిస్టరు చేయించవలసిందే. ఊళ్లలో కిరాయి ఒప్పందాలు తరచుగా 11 నెలలకే రాసుకోవడానికి కారణం ఇదే. అదే సంవత్సరం వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం కింద ఇచ్చే అనుమతిలో ఆస్తిపై ఏ హక్కూ సంక్రమించదు. సాయంత్రం రెండు గంటలు హాలు వాడుకోనివ్వడానికి అనుమతి సరిపోతుంది, దానికి ఐదేళ్ల లీజు అవసరమే లేదు.

ఇక రెండవది, బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చిన వ్యవహారంలో, ఆస్పత్రి కూడా ప్రజలకు ఉపయోగపడేదే కదా అన్న వాదనను అంగీకరించక, 1991లో సుప్రీంకోర్టు ముద్దప్ప కేసులో ఆ కేటాయింపు చెల్లదన్నది. అయితే ఆ తీర్పు బెంగళూరు అభివృద్ధి చట్టంలోని నిబంధనలపై ఆధారపడినది. దానిని యథాతథంగా మన గ్రంథాలయానికి అంటించి గెలిచామనుకోవద్దు. తీర్పులోని ఆలోచన ఉపయోగపడుతుంది, అంతవరకే.

కిరాణా వర్తకుడు

ఐదేళ్లు ఎక్కువేనని వకీలు గారి మాట చదివిన తరువాత ఒప్పుకుంటున్నాను. ఆ అమ్మాయి మెట్ల మలుపు సంగతి నాకు నిజంగా తెలియదు, నేను ఆ మెట్లు ఎక్కి ఎన్నాళ్లయిందో. అయినా నా ప్రశ్న అక్కడే ఉన్నది. స్లాబు ఎవరు వేయిస్తారు? డబ్బు పెట్టినవాడు ఊరకనే వెళ్లిపోడు. సాయంత్రాలు మాత్రమే రెండేళ్లు వాడుకోవడానికి ఒప్పుకొని, మరమ్మతు చేయించే సంస్థ ముందుకు వస్తే మీరు కాదంటారా?

ఓరుగల్లు పాఠకుడు

కాదనను, కానీ క్రమం ముఖ్యమంటాను. మొదట స్లాబుకు అంచనా వేయించాలి. సెస్సు బకాయి ఎంత ఉన్నదో తేలాలి. ఆ బకాయిలో కొంత వచ్చినా మరమ్మతుకు సరిపోతుందేమో ఇంతవరకు ఎవరూ లెక్క కట్టలేదు. అది చాలకపోతే అప్పుడు సాయంత్రపు అనుమతి గురించి, అది కూడా ఎవరో ఒకరితో మాట్లాడుకొని కాకుండా బహిరంగ ప్రకటన ఇచ్చి, ఆలోచించవచ్చు. హాలు తాళంచెవి మాత్రం గ్రంథాలయం దగ్గరే ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గను.

సొంత పుస్తకాల విషయం రాసిన అమ్మా, నిరుడు అభ్యంతరం చెప్పినవారిలో నేను కూడా ఉన్నాను. అప్పుడు పై హాలు మూసి ఉన్నందువల్ల కింద మాకు పేపరు చదవడానికి చోటు దొరకక ఆ కోపం మీ మీద చూపించాము. తాళం వేసినవారిని అడగవలసిన మాట కుర్చీలో కూర్చున్నవారిని అడిగాము. వినతిపత్రంలోని ఆ వాక్యాన్ని మార్చి, పై హాలులో సొంత పుస్తకాలతో చదువుకోవడానికి అనుమతించాలని స్పష్టంగా రాయిస్తాను.

సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు కూడా వేస్తున్నాము. గత అయిదేళ్లలో వసూలైన సెస్సు, అందులో జమ అయినది, స్లాబు మరమ్మతుకు ఎప్పుడైనా అంచనా తయారైందా, లీజు ప్రతిపాదనకు తీర్మానం ఉన్నదా అన్నవి అడిగాము. జవాబుకు గడువు 30 రోజులు. సోమవారం పదకొండు గంటలకు వినతిపత్రం ఇస్తాము. వచ్చేవారు ఇంటి పన్ను రసీదు నకలు, సెస్సు గడి స్పష్టంగా కనిపించేటట్లు తీయించి తీసుకురండి.

విశ్రాంత గ్రంథపాలకుడు

నేను వస్తాను. ఈ లోపు రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లి కుర్చీలు లెక్కపెట్టి, ఆ కాగితం కూడా జత చేస్తాను. మెట్ల మీదివి విడిగా రాస్తాను.

గ్రూప్స్ అభ్యర్థిని

సోమవారం నాకు మాక్ టెస్టు ఉన్నది. సంతకం చేసిన కాగితాన్ని కింద కౌంటరు దగ్గర ఇచ్చి వెళ్తాను. సార్, మూడు గంటలకు లెక్కపెట్టేటప్పుడు ఖాళీ కుర్చీ మీద టిఫిన్ డబ్బా ఉంటే దానిని కూడా మనిషిగానే లెక్కపెట్టండి.